చీటీ మీద 8

2017 ఎండకాలం. మా ఆత్మకూర్ వనపర్తి జిల్లాలోకి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పెద్దనాయనకు కండ్లు మసకబారి పేపర్ చదవడం ఆగిపోయింది. "నీ కంప్యూటర్‌తోని చదివియ్యరాదురా" అన్నడు ఒకరోజు.

రాసింది చదివి వినిపించే ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు వచ్చు. కానీ అది సీ భాషలో కట్టిన లైబ్రరీ, నాకు చేతనైంది పైథాన్. రెంటినీ కలిపే సీటైప్స్ 2006లో పైథాన్ 2.5తో వచ్చింది. ఆ ఏడే ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఈస్పీక్‌ను మాట్లాడించేది సీటైప్స్‌తోనే. అదే నా ధైర్యం.

మొదటిరోజే దెబ్బ తిన్నాను. ఫంక్షన్ తిరిగిచ్చేది మెమరీ చిరునామా అని ముందే చెప్పకపోతే సీటైప్స్ దాన్ని మామూలు అంకె అనుకుని, 64 బిట్లలో సగం కోసేస్తుంది. ప్రోగ్రాం కూలింది. కూలడమే నయమని మర్నాడు తెలిసింది.

వరండాలో మంచం మీద పెద్దనాయన. లైబ్రరీ తెరిచాను. సెకనుకు ఎన్ని శబ్ద నమూనాలో చెబుతూ 22050 అని జవాబిచ్చింది. తొలిమాటగా ఊరి పేరే ఇచ్చాను. "ఆత" అని ఏదో గొణిగి ఆగింది.

"ఏందిరా, ఊరిని సగం మింగె!"

ఎర్రర్ లేదు. పాఠంతో పాటు దాని పొడవూ చెప్పాలి. పైథాన్‌ను అడిగి 8 అని ఇచ్చాను: ఆ, త, పొల్లు, మ, క, కొమ్ముదీర్ఘం, ర, మళ్లీ పొల్లు. సీ లెక్కించేది బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 24. లారీలో 24 బస్తాలున్నా చీటీ మీద 8 ఉంటే హమాలీ 8 దించి పోతాడు. చీటీ రాసింది నేనే. పైథాన్‌లో తప్పుచేస్తే పైథాన్ తిడుతుంది. గడప దాటి సీలోకి పోయాక తిట్టే దిక్కుండదు.

ముందు బైట్లుగా మార్చి, తరవాత లెక్కపెట్టి, పాఠం ముగిసిందని చెప్పే చివరి సున్నాతో కలిపి 25 ఇచ్చాను.

"ఆత్మకూర్" అంది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

పెద్దనాయన కాసేపు విన్నడు. "గొంతు మనది గాదు గానీ, ఊరు మనదే. ఇగ జూరాల డ్యాంల నీళ్లెన్నున్నయో సదవమను."