కడబంతి

క్రిందటి నెలలో మా అబ్బాయి నన్ను హైదరాబాదులో ఒక హోటలుకు తీసుకువెళ్ళాడు. "నాన్నగారూ, ఇక్కడ అసలైన ఆంధ్రా థాలీ దొరుకుతుంది" అన్నాడు. పెద్ద స్టీలు పళ్ళెం వచ్చింది. దాని అంచు వెంబడి గుండ్రంగా పేర్చిన పది గిన్నెలు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు, చివరకు మిఠాయి కూడా ఒక్కసారే ఎదుటికి వచ్చాయి. రుచికి లోటు లేదు. కాని ఏదో వెలితి తోచింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే తెలిసింది, ఆ భోజనంలో వడ్డన లేదు.

గుజరాతు, రాజస్థాను ప్రాంతాలలో పళ్ళెంలో గిన్నెలు పేర్చడం సంప్రదాయమే. మనది విస్తరి సంప్రదాయం. అరటి ఆకు అయితే దాని కొస తినేవారి ఎడమ చేతి వైపు ఉండాలి. లేదా మోదుగాకులో అడ్డాకులో పుల్లలతో కుట్టిన విస్తరి. నీళ్ళు చల్లి తుడిచిన ఆకు మీద ముందుగా ఉప్పు, పచ్చళ్ళు, కూరలు, పులిహోర, బూరెలు తమ తమ స్థానాలకు చేరతాయి. తరువాత అన్నం, ముద్దపప్పు, పైన నేతి అభిఘారం. పప్పన్నం అయ్యాక కూరలు, పచ్చళ్ళు కలుపుకోవడం, పిమ్మట పులుసు, చారు, చివర పెరుగు. ప్రతి దశలోను వడ్డించేవారు వంగి "కొంచెం వేయమంటారా?" అని అడుగుతారు. తినేవారు చెయ్యి అడ్డం పెడతారు. అయినా ఒక గరిటె పడుతుంది. ఆ అడగడంలోనే సగం కడుపు నిండుతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన వంటకాలు ఆ ఋతువులో అతిథులకు పెట్టడాన్ని అంత విపులంగా వర్ణించాడంటే, వంట కంటె పెట్టేవాని శ్రద్ధ మీదనే ఆయన దృష్టి నిలిచిందని నేననుకుంటాను.

ఇలా వరుసగా కూర్చుని తినడాన్ని మనం బంతి అంటాము. పంక్తి శబ్దానికి అది వికృతి. ఒకే బంతిలో ఒకరికి ఎక్కువగా, మరొకరికి తక్కువగా వడ్డించడం పంక్తిభేదం. అది మహాదోషమని మా తాతగారు పదే పదే చెప్పేవారు. నేనూ ఆ మాట నమ్మాను.

1969లో మా అక్కయ్య పెళ్ళి జరిగింది. నాకప్పుడు పదేళ్ళు. నేతి గిన్నె నా చేతికిచ్చారు. "ఎవరికీ తక్కువ కాకుండా వెయ్యిరా" అన్నారు తాతగారు. పెద్దరికం వచ్చినంత సంబరపడి బంతులన్నీ తిరిగాను. నాలుగో బంతి లేచాక పెరట్లో, పశువుల కొట్టం ప్రక్కన మరొక వరుస కూర్చున్నది. ఊరికి ఎడంగా ఉన్న పేట నుంచి వచ్చినవారు. వారికి విస్తళ్ళు పరిచినవారు లేరు. ఎవరి ఆకు వారే తెచ్చుకున్నారు. ఆ వరుసలో చివర నా తరగతి నేస్తం వాళ్ళ అమ్మ ప్రక్కన కూర్చుని ఉన్నాడు. ఎక్కాలలో నేను తడబడితే ప్రక్క నుంచి మెల్లగా అందించేవాడు అతడే.

నేతి గిన్నెతో నేను అటు నడిచాను. "అక్కడికి నువ్వు వెళ్ళకూడదు, ఇటు రా" అని నాన్నగారు కేక వేశారు. నేను వెనుదిరిగాను. ఎందుకని అడగలేదు. అతడు నన్ను చూశాడు. చూసి విస్తరి వైపు తల వంచుకున్నాడు. మర్నాడు బడిలో ఆ ప్రసక్తి తేలేదు. కాని ఎక్కాలు అందించడం మానేశాడు. ఏడవ తరగతితో చదువు ఆపి ఊరు విడిచి వెళ్ళాడు. మరి కనబడలేదు. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి అప్పటికి పందొమ్మిదేళ్ళు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అనే సామెతను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. పిల్లలు నవ్వేవారు. పక్షపాతాన్ని ఎత్తిపొడిచే సామెత అని వివరించేవాడిని. చెప్పిన ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడేది. ఆ నాడు కడబంతిలో కూర్చున్నది నావాడే. వడ్డించవలసినది నేనే.

2001 నవంబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. నేను పనిచేసిన ఉన్నత పాఠశాలకు కొన్నేళ్ళ తరువాత వచ్చింది. వంట మనిషి ఏ పేట నుంచి వచ్చిందో తెలిసి కొందరు తల్లిదండ్రులు పిల్లలకు క్యారియర్లు పంపసాగారు. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో అదే న్యాయస్థానం ఎందుకు చెప్పవలసి వచ్చిందో అప్పుడు నాకు బోధపడింది.

ఒకనాడు నేను పళ్ళెం తీసుకుని వరండాలో పిల్లల వరుసకు చివర కూర్చున్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "మీరు కూడానా మాస్టారూ?" అన్నది. అన్నం పెట్టి, సాంబారు పోసి, గుడ్డు వేసింది. గుడ్డు మా ఇంట తినరు. ప్రక్కనున్న పిల్లవాడి పళ్ళెంలో పెట్టబోతే వాడు తల అడ్డంగా ఊపాడు. "అందరికీ ఒకటే మాస్టారూ" అన్నాడు. మా తాతగారు చెప్పిన పంక్తిభేదం అర్థం ఆ పిల్లవాడికి నాకంటె బాగా తెలుసు. ఆ పూట గుడ్డు తిన్నాను. క్యారియర్లు అన్నీ ఆగిపోలేదు. కొన్ని మాత్రం ఆగాయి.

ఆ మధ్యాహ్నంతో 1969 నాటి విస్తరిలో నెయ్యి పడదు. ఆ సంగతి నాకు తెలుసు. విస్తరి భోజనపు వైభవాన్ని ఎవరైనా పొగిడితే ఇప్పటికీ నా మనసు ఉప్పొంగుతుంది. ఆ వెంటనే పెరటి వైపు చూస్తుంది.

హోటలులో ఏమి వెలితి అని మా అబ్బాయి అడిగాడు. వడ్డన లేదని చెప్పాను. మిగిలినది చెప్పలేక ఇక్కడ వ్రాశాను.