జస్ట్ పేరిట ఉపకార వేతనం

అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ, సైన్సు చదివే డిగ్రీ విద్యార్థుల కోసం ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్ పేరిట ఒక కార్యక్రమం నడుపుతోంది. సైన్సులో తమవాళ్లు పెద్దగా కనిపించని వర్గాల పిల్లలకు ప్రయోగశాలలో పని చూపించి, ఆ పనికి డబ్బిచ్చి, దారి చూపే మనిషిని కూడా పక్కన పెట్టడం దాని ఉద్దేశం. జస్ట్ 1907లో అక్కడే పట్టభద్రుడయ్యాడు. కానీ ఈ జీవశాస్త్రజ్ఞుడి చేతిపని అర్థం కావాలంటే మసాచుసెట్స్ తీరంలోని వుడ్స్ హోల్ దాకా వెళ్లాలి.

వుడ్స్ హోల్ చిన్న ఊరు. వేసవిలో వచ్చేవాళ్లలో చాలామంది మార్తాస్ విన్యార్డ్ దీవికి వెళ్లే ఫెర్రీ ఎక్కేసి పోతారు. 1888లో మొదలైన మెరైన్ బయలాజికల్ లేబొరేటరీ అక్కడికి దగ్గర్లోనే, ఈల్ పాండ్ ఒడ్డున ఉంటుంది. గొట్టాల గుండా సముద్రపు నీరు నేరుగా గదుల్లోకి రావడం ఈ సంస్థకున్న పెద్ద సదుపాయం. 1909లో జస్ట్ ఇక్కడికి జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ లిల్లీకి సహాయకుడిగా వచ్చాడు. తర్వాత రెండు దశాబ్దాల పాటు దాదాపు ప్రతి వేసవీ ఇక్కడి బల్లల దగ్గరే గడిపాడు.

ఆయన ఎక్కువగా పనిచేసిన జీవుల్లో ఆర్బేసియా ఒకటి. ఒళ్లంతా ఊదారంగు ముళ్లున్న సీ అర్చిన్ అది. దాని అండం మిల్లీమీటరులో పదమూడో వంతు ఉంటుంది. ముందుగా అర్చిన్‌ను మంచినీటితో కడగాలి, అప్పుడు పైన అంటుకున్న శుక్రకణాలు చచ్చిపోతాయి. కోసి, అండాలను గాజు గిన్నెలోని సముద్రపు నీటిలో రాలనివ్వాలి. అవి అడుక్కి దిగాక పైనీరు మెల్లగా వంచేసి కొత్త నీరు పోయాలి. ఆడదాన్ని కోసిన కత్తెర కడగకుండా మగదాన్ని ముట్టుకోకూడదు. శుక్రద్రవాన్ని చివరి నిమిషం దాకా పలచన చేయకూడదు. రసాయనాలు తగిలిన గిన్నె ఎంత తోమినా ఈ పనికి పనికిరాదు. ఇంతా చేసి ఒక చుక్క వేస్తే, ఒకటి రెండు నిమిషాల్లో ప్రతి అండం చుట్టూ ఫలదీకరణ త్వచం పైకి లేస్తుంది. నీరు 23 డిగ్రీల వేడిలో ఉంటే సుమారు 50 నిమిషాలకు అండం రెండుగా చీలుతుంది. దాదాపు అన్ని అండాలకూ త్వచం లేవకపోతే ఆ గిన్నెలోని సరుకుతో ప్రయోగం చేయకూడదన్నది జస్ట్ నియమం. ఈ పద్ధతులన్నిటినీ ఆయన 1939లో ఒక పుస్తకంగా వేశాడు.

ఆయన పరిశోధనలకు పునాది ఈ శుభ్రతే. నీరియిస్ అనే సముద్రపు పురుగులు వేసవి రాత్రుల్లో, చంద్రుడి దశలను బట్టి, నీటి పైకి గుంపులుగా వస్తాయి. లిల్లీ, జస్ట్ దీపాలు పట్టుకుని వాటిని సేకరించారు. శుక్రకణం అండంలోకి ఎక్కడ ప్రవేశిస్తుందో దాన్ని బట్టే మొదటి విదళన తలం ఏర్పడుతుందని 1912లో జస్ట్ చూపించాడు. త్వచం లేవక ముందే అండం ఉపరితలంపై ఒక మార్పు పాకి, రెండో శుక్రకణాన్ని అడ్డుకుంటుందని ఆ తర్వాత వివరించాడు. శుక్రకణం లేకుండానే అండాన్ని ఎదిగించే కృత్రిమ అనిషేకజననంతో పేరుపడ్డ జాక్ లోబ్, అందుకు రెండు అంచెల రసాయన చికిత్స కావాలన్నాడు. ఆర్బేసియా అండానికి ఉప్పు గాఢత పెంచిన సముద్రపు నీరు ఒక్కటే చాలని జస్ట్ చేసి చూపాడు. దెబ్బతిన్న అండం చెప్పేది దాని గాయం గురించే తప్ప జీవం గురించి కాదన్నది ఆయన వాదన సారం.

ఇంత చేయి తిరిగిన మనిషికి ఏ పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయమూ ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన నల్లజాతివాడు. 1915లో నల్లజాతివారి ఘనతకు ఇచ్చే స్పింగార్న్ పతకాల్లో మొట్టమొదటిది, 1916లో షికాగో విశ్వవిద్యాలయం డాక్టరేట్ వచ్చినా, వాషింగ్టన్‌లో ఆయన బోధించే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాల బరువు తగ్గలేదు. 1920 నుంచి వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన సొమ్ముతో ఏడాదిలో కొన్ని నెలలు పరిశోధనకు చిక్కాయి. 1929 నుంచి ఆయన పని నేపుల్స్‌కు, బెర్లిన్‌కు మళ్లింది. వుడ్స్ హోల్‌లో అన్నేళ్లలో దొరకని ఆదరణ జర్మనీలో దొరికిందని 1930లో వుడ్స్ హోల్ సభలోనే చెప్పాడు. 1940లో ఫ్రాన్స్‌లో జర్మన్ సేనల నిర్బంధంలో పడి, విడుదలై స్వదేశం చేరాడు. 1941 అక్టోబరు 27న క్యాన్సర్‌తో మరణించాడు.

గౌరవాలు తర్వాత వచ్చాయి. హోవర్డ్‌లో జీవశాస్త్ర భవనానికి ఆయన పేరు పెట్టారు. 1996లో తపాలా బిళ్ళ వెలువడింది. ఇవేవీ ఒక విద్యార్థిని బల్ల దగ్గర కూర్చోబెట్టలేవు. ఆ పని ఉపకార వేతనమే చేయగలదు. వేసవిలో హోటల్లో పనిచేస్తే తప్ప గడవని డిగ్రీ విద్యార్థికి గిన్నెలు కడగడం, నీరు మార్చడం, గంటల తరబడి అండాన్ని చూస్తూ కూర్చోవడం నేర్చుకునే తీరిక ఉండదు. కంప్యూటర్ తెరమీద జన్యుక్రమాలు చదవడం పెరిగేకొద్దీ, బతికున్న జీవిని పాడుచేయకుండా పట్టుకునే నేర్పు పాఠ్యక్రమంలో మూలకు పోతోంది. స్మారక వేతనాలు మార్కుల జాబితా చూసి చెక్కు ఇచ్చి ఊరుకుంటే ఆ లోటు తీరదు. జస్ట్ పేరు మోసే వేతనంలో ప్రయోగశాలలో బల్ల, వేసవి ఖర్చు, తప్పు పట్టి సరిదిద్దే గురువు, ఈ మూడూ కలిసి ఉండాలి. మొదటి రెండూ అరకొరగానే దొరికినా ఆయన నిలదొక్కుకోవడానికి కారణం ఆ మూడోది, అంటే లిల్లీ.