రెండు గండ్ల నడుమ...

‘గండి పడింది’ అంటే ఏ పల్లెలోనైనా గుండె గుభేలుమంటుంది. చెరువు కట్ట తెగిందన్నమాట! కడప జిల్లా పడమటి దిక్కున మాత్రం గండి అంటే కొండను నది చీల్చుకుని పోయిన చోటు. ఒక గండి మీద కోట వెలిసింది. మరో గండిలో దేవుడు వెలిశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మీదుగా సాగితే ఆ రెండింటినీ చూసి రావొచ్చు.

పసిడి ఊరు

ప్రొద్దుటూరులో ముందుగా కళ్లకు తగిలేది బంగారమే. వరసగా నగల కొట్లు. ‘రెండో బొంబాయి’ అన్న పేరు ఊరికే రాలేదు. పెళ్లి కుదిరితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడికే బయల్దేరతారు. దసరాకైతే అమ్మవారిశాల వెలుగుల్లో ఊరంతా తిరునాళ్లే. పుట్టపర్తి నారాయణాచార్యులు స్థిరపడిన ఊరు కూడా ఇదే. ఆయన ‘శివతాండవం’ ఇక్కడి అగస్త్యేశ్వరాలయంలోనే పుట్టిందని చెబుతారు.

పొద్దున్నే ఎర్రకారం దోశో, ఉగ్గాని-బజ్జీయో తిని బయల్దేరితే కారం జమ్మలమడుగు దాకా తోడొస్తుంది. ఊరి పక్కనే పెన్న. చాలా నెలలు కనిపించేది ఇసుకే. అయినా ఊరి గొంతు తడిపేది ఆ ఏరే. ఎండలు ముదిరితే మైలవరం జలాశయం నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఊరు ఎదురుచూస్తుంది.

నల్లనేల... నాపరాయి

జమ్మలమడుగు దారిలో నల్లరేగడి పొలాలు. చలికాలంలో వెళితే శనగచేలు పచ్చగా పలకరిస్తాయి. ఆ తరవాత అంతా రాయే. బయటి ఊళ్లవాళ్లు కడప బండ అని పిలుచుకునే నాపరాయి ఇక్కడ ఇంటి అరుగు, పెరటి గోడ, వంటింటి గట్టు... అన్నీ తానే. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిది పెద్ద పేరు. మిషనరీల కాలం నుంచీ చుట్టుపక్కల పల్లెలకు అదే దిక్కు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి డాక్టరుగా పనిచేసిందీ అక్కడే.

పెన్న చీల్చిన కొండ

అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళితే గండికోట. కోటగుమ్మం దాటి, పావురాల గోపురం, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ నడిస్తే చివర్లో నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. కింద ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుని పెన్న! పేర్చినట్టున్న ఎర్రటి బండలు సాయంత్రపు ఎండకు నిప్పుల్లా మెరుస్తాయి. అంచుకు మరీ దగ్గరగా వెళ్లకుండా పిల్లల చెయ్యి పట్టుకోవాల్సిందే.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఆయన్ను కలిసింది ఇక్కడే. మాధవరాయస్వామి ఆలయంలో ఇప్పుడు పూజల్లేవు. గోపురం మాత్రం నిటారుగా ఉంది.

కోటను చూసి వెనుదిరిగేవాళ్లు ఎగువనున్న గండికోట జలాశయాన్ని కూడా తలచుకోవాలి. 26.85 టీఎంసీల సామర్థ్యం దానిది. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు ఇక్కడికి చేరతాయి. ఆ నీళ్ల కోసం కొండాపురం మండలంలో ఊళ్లు మునిగాయి. 2020లో జలాశయం నిండుతుంటే తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి కదలాల్సొచ్చింది. కట్ట మీద నిలబడితే కనిపించేది నీలం నీళ్లే. వాటి కింద వీధులున్నాయి, గుడులున్నాయి, తాతలు కట్టిన మిద్దెలున్నాయి.

అరటి తోటల ఊరు

ముద్దనూరు దాటి తొండూరు మీదుగా పులివెందుల దారి పడితే మళ్లీ మెట్ట, బోడికొండలు. పులివెందుల దగ్గరపడే కొద్దీ రంగు మారుతుంది. అరటి తోటలు, చీనీ తోటలు! ఇక్కడి అరటి గల్ఫ్ దేశాల దాకా వెళ్తుంది. బోరు ఎండిపోతే తోటల్ని నరుక్కున్న రోజులు ఈ ప్రాంతానికి తెలుసు. గండికోట నుంచి ఎత్తిపోసే నీళ్లు చిత్రావతి జలాశయానికి చేరి ఇటు వస్తున్నాయి. అక్కడ మునిగిన వీధికీ ఇక్కడ వేలాడే గెలకూ ఉన్న సంబంధం ఇదే.

బంగారు తోరణం

రెండో గండి వేంపల్లె దగ్గర, చక్రాయపేట మండలంలో ఉంది. కొండల మధ్య పాపఘ్ని పారే చోట వీరాంజనేయస్వామి ఆలయం. లంక నుంచి వస్తూ రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుణ్ని గీశాడని స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ రెండు కొండల నడుమ వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని, అది కంటపడితే ఆయువు తీరినట్టేనని మరో కథ. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోకు అది కనిపించిందట. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

ఇప్పటి తోరణం మాత్రం అందరికీ కనిపిస్తుంది. నీళ్లొచ్చిన చోట నిలబడిన అరటిచెట్ల వరస అది.

ఇలా వెళ్లొచ్చు

కడప నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో దిగొచ్చు. రెండు రోజులు, సొంత బండి ఉంటే తీరిగ్గా చూడొచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ అనుకూలం.