లత్తేరిలో చెడుగుడు

కాట్పాడి నుంచి జోలార్పేట పోయే దారిలో, గుడియాత్తము రాకముందే వచ్చే చిన్న స్టేషను లత్తేరి. వేగపు బండ్లు చాలావరకు నిలవకుండానే పోతాయి. అంగడిలో అరవము, యింట్లో తెలుగు. మనబోటి పాతకాపులకు అది కొత్తేమీ గాదు. ఆటకు గూడ రెండు పేర్లే. మనము చెడుగుడు అంటే పక్కింటివారు సడుగుడు అంటారు. బడిలో మాత్రము అందరికీ కబడ్డీయే.

మొన్న మా అన్నగారింటికి పోయినప్పుడు, అమ్మణ్ణి ఆడుతున్నది గదా అని మైదానానికి పోయినాము. ఏ బడి అన్నది ఎందుకులెండి. ఆడపిల్లల బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, జట్టుకు ఏడుగురు. 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆడవారి కబడ్డీని తొలిసారి పెట్టినప్పుడు బంగారు పతకము మన దేశానికే వచ్చింది. అప్పటినుంచి పల్లెల్లో తల్లిదండ్రులు గూడ దీన్ని మగపిల్లల ఆట అనడము తగ్గించినారు.

ఇద్దరిద్దరు చేతులు పట్టుకొని గొలుసుగా నిలుస్తారు. కూతకు వచ్చిన పిల్ల దగ్గరికి రాగానే అమ్మణ్ణి జతకత్తె చెయ్యి వదిలేసింది. ఒకసారి అయితే పొరబాటు అనుకుందుము. మూడుసార్లు వదిలింది. వెనకనుంచి "గొల్టి" అన్న మాట గూడ వినబడింది. ఆ మాట ఎవరిని అంటారో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

రాత్రి అన్నము ముందర కూర్చొని, "చిన్నాయనా, రేపటినుంచి నేను ఆటకు పోను" అన్నది. జట్టు పిల్లలందరూ ఫోనులో ఒక గుంపు పెట్టుకొన్నారట, ఈమెను తప్పించి. జతకత్తె స్నేహితురాలికి రావలసిన చోటు ఈమెకు వచ్చిందట. అదే మొదలు.

"వాళ్ళమ్మను నాలుగు దులిపేసి వస్తాను" అని వదినె లేచింది. "మానిపించేస్తే పోతుంది" అన్నాడు అన్న. మాకు రెండూ నచ్చలేదు. తల్లులు దిగితే అది వీధి తగవు అవుతుంది, ఆపైన అరవము-తెలుగు తగవు. మానిపిస్తే, దెబ్బ తిన్న పిల్లకే క్రీడా కోటాలో కాలేజీ సీటు ఆశ పోతుంది. ఇద్దరు పిల్లలు పోట్లాడితే సాయంత్రానికి సర్దుకొంటారు. పదిమంది ఒకతెను దినమూ వేపుకు తింటుంటే అది తనంతట సర్దుకొనేది గాదు.

మరునాడు టీచరమ్మకు చూసినది చూసినట్టు చెప్పినాము. "పిల్లలన్నాక మామూలే" అనకపోవడము ఆమె గొప్ప. అందరిముందు క్షమాపణలు చెప్పించలేదు. ఒక్కొక్కరినే పిలిచి అడిగింది. ఆ మాట అన్నది ఎవరైనా సరే ఒక మ్యాచి బయట కూర్చోవలసిందే అన్నది. జతలు దినమూ మార్చింది. బట్టలు మార్చుకొనే గది దగ్గర తానే నిలిచింది. ఎగతాళి ఎక్కువగా అక్కడే గదా! ఇట్లా వినే టీచరు దొరకని చోట 1098 అని పిల్లల సహాయ నంబరు వున్నది, ఖర్చు లేదు.

మూడు వారాలకు మళ్ళీ పోయినాము. ఈ ఆటలో ఔటయిన పిల్ల తనంతట లోపలికి రాలేదు. జట్టువారు పాయింటు తెస్తేనే, పోయిన వరుసలో ఒక్కొక్కరుగా రావాలి. ఆనాడు పాత జతకత్తె ఔటయి గీత బయట కూర్చున్నది. కూతకు వచ్చిన పిల్ల కాలు అమ్మణ్ణి పట్టేసింది. ఆ పిల్ల లేచి, బట్టలకంటిన మన్ను దులుపుకొని లోపలికి వచ్చింది. అమ్మణ్ణి వైపు చూడలేదు. వచ్చి పక్కన నిలిచి, చెయ్యి మాత్రము చాచింది.