విషమన్నా నీరే

పాఠశాలలో పర్యాయపదాలు చెప్పే రోజులలో పిల్లలు ఒకచోట తప్పక నవ్వేవారు. నీటికి జలము, ఉదకము, జీవనము, అమృతము అని వరుసగా వ్రాయించి, చివర 'విషము' అనేవాణ్ణి. సంస్కృత నిఘంటువులలో విషశబ్దానికి నీరనే అర్థం కూడా ఉన్నది. "అమృతమూ విషమూ రెండూ నీళ్ళే ఎట్లయితయి సార్?" అని అడిగితే నావద్ద సమాధానం ఉండేది కాదు. పదవీవిరమణ తరువాత నా చేనులోని బోరుబావి ఆ పాఠం నాకు చెప్పింది.

ముత్యంపేటలో మాది రాతినేల. పైన మొరం, దాని కింద పగుళ్ళున్న రాయి, అంతకు దిగువ పగులులేని బండ. మా నాయనగారి మోటబావికి పైపొరలోని నీరే ఆధారం. అది అడుగంటగానే నేను బోరు వేయించాను. చాలకపోతే మరింత లోతుకు దింపించాను. బోరు తోడుతున్నకొద్దీ చుట్టూ నీటిమట్టం గరాటువలె కుంగుతుంది. ఆ పరిధిలోని బావి ఎవరిదైనా ఎండవలసిందే. పక్క చేను కాక ఒకనాడు గట్టుమీద నిలబడి, "నీ బోరు నా బాయిని తాగింది బిడ్డా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నేటికీ మరువలేకున్నాను.

లోతునీరు స్వచ్ఛమనుకొని ఇంటిల్లిపాదీ తాగాము. పరీక్ష చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించి ఫ్లోరైడు ఉన్నదన్నారు. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరు దిక్కు లేనిచోట 1.5 వరకు సహిస్తారు. నల్లగొండ జిల్లాలో ఎముకలు వంగిన మనుషులను చూసినవాణ్ణి కనుక గుండె ఝల్లుమన్నది.

రాతిలోని ఖనిజాలనుండి ఫ్లోరైడు మెల్లగా కరుగుతుంది. నీరు రాతితో ఎంతకాలం కాపురముంటే అంత చేరుతుంది. నీటిలోని కాల్షియం సున్నమై పేరుకుపోతే, ఫ్లోరైడును బిగించేది లేక అది నీటిలోనే నిలుస్తుంది. దీనికి మన వరిమడి తోడు. పెట్టిన నీటిలో కొంత ఆవిరవుతుంది. మిగిలినది లవణాలతో భూమిలోకి ఇంకి, మళ్ళీ బోరులోనే పైకి వస్తుంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరంలో, 700కు పైగా బోర్లున్న 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారూ, ఫ్రెంచి భూవిజ్ఞానులూ కలిసి పరిశీలించి ఈ తిరుగుడునే గుర్తించారు. ఆ ఉమ్మడి కేంద్రం 1999లో ఏర్పడింది.

నిఘంటుకారులు తప్పు వ్రాయలేదు. తోడినదాన్నే తోడితే మొదటి అర్థం రెండవదిగా మారుతుంది.

ఇప్పుడు తాగేందుకు ఆ నీరు వాడము. యాసంగిలో సగం చేను ఆరుతడి పంటకు మార్చాను. కాక తన బావిని పూడ్చలేదు. వానలు బాగా పడిన ఏడు అందులో మోకాటిలోతు నీరు చేరుతుంది. ఆ నాలుగు రోజులు నేను మోటారు వేయను.