సర్దుకోని గ్లౌజు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ గారు కబురు పెట్టినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. కుళాయి దగ్గర బకెట్ల వరస, నీళ్ళ సాంబారు, ఆదివారం కోసం ఎదురుచూపులు... ఇవన్నీ పాత సంచికల్లో అక్కలు మాకంటే బాగా రాసేశారు. అందుకని ఈ ఏడాది మేం చేసిన ఒక చిన్న పని గురించి, ఎప్పుడో చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తున్నాం. మేం అంటే ఈ హాస్టల్లో ఉండి, సాఫ్ట్‌బాల్ ఆడి, పదో తరగతి అయ్యాక బయటికి వెళ్ళిన ఏడుగురం. నలుగురిది దివిసీమ, ఇద్దరిది గుడివాడ వైపు, ఒకరిది బందరు పక్క పల్లె. కలం పట్టింది ఒక్కరే అయినా మాట ఏడుగురిదీ.

మొన్న వేసవిలో తలా కొంత వేసుకుని, తెలిసిన అక్కలను అడిగి 16,000 రూపాయలు పోగుచేశాం. హాస్టల్ పిల్లలకు సాఫ్ట్‌బాల్ సామాను కొనిద్దామని మా ఆలోచన. "దానికింత చర్చ దేనికమ్మా, లిస్టు రాసి షాపులో ఇస్తే వాళ్ళే కట్టిస్తారు" అన్నారు మాలో ఒకరి నాన్నగారు. నిజమే, అలాగే చేసి ఉంటే ఒక్క పూటలో అయిపోయేది. మేం పడ్డ పాట్లు మళ్ళీ మా చెల్లెళ్ళు పడేవాళ్ళు.

మన ఇళ్ళల్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటారు. "పెరిగే పిల్ల, వచ్చే ఏడాదికి సరిపోతుందిలే" అని అమ్మ అనని ఇల్లు ఉందా? గౌను కింద మడత పెట్టి కుట్టిస్తారు. చెప్పుల్లో బొటనవేలంత ఖాళీ ఉంచి తీసుకుంటారు. అది పిసినారితనం కాదు, లేని ఇంటి లెక్క. హాస్టల్‌కి వచ్చాక ఇంకో మాట నేర్చుకున్నాం, 'సర్దుకో'. చోటు చాలకపోతే సర్దుకో, దుప్పటి చిన్నదైతే సర్దుకో, పరీక్షల ముందు కరెంటు పోతే సర్దుకో. ఈ రెండు మాటలే మనల్ని ఇంతదాకా తీసుకొచ్చాయి, కాదనం. కానీ ఆట సామాను దగ్గర ఈ రెండు మాటలే మా కొంప ముంచాయి.

మేం ఆరో తరగతిలో చేరేటప్పటికి హాస్టల్లో ఉన్నది ఒకే ఒక్క బ్యాటు. 34 అంగుళాలది. నిబంధనల ప్రకారం సాఫ్ట్‌బాల్ బ్యాటు పొడవు 34 అంగుళాలు, లావు రెండుంపావు అంగుళాలు, బరువు 38 ఔన్సులు, అంటే కిలో మీద ఇంకో 77 గ్రాములు, మించకూడదు. మించకూడదని పెట్టిన హద్దునే మేం ఉండాల్సిన కొలత అనుకున్నాం. నాలుగున్నర అడుగుల పిల్ల ఆ బ్యాటు ఊపితే, పిల్ల బ్యాటును తిప్పడం కాదు, బ్యాటే పిల్లను తిప్పేది! బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని ముందే ఊపేవాళ్ళం. మణికట్టు వాలిపోయి, బంతి పైకి లేచి, నేరుగా వెళ్ళి ఎవరి చేతుల్లోనో పడేది. మాకు కొట్టడం రాదనుకున్నాం. రెండేళ్ళు అలాగే అనుకున్నాం.

ఈసారి బ్యాట్లు కొనేముందు మా ఊళ్ళో హైస్కూల్ పి.ఇ.టి. మేడమ్ గారు ఒక ఉపాయం చెప్పారు. ఒక్క చేత్తో పిడి పట్టుకుని, భుజం ఎత్తున పక్కకి చాపి నిలబడమనాలి. ఇరవై లెక్కపెట్టేలోపు బ్యాటు కొస కిందికి వాలిపోతే, ఆ బ్యాటు ఆ పిల్లకు బరువన్నమాట. హాస్టల్ వరండాలో ఆరు, ఏడు తరగతుల పిల్లలను వరసగా నిలబెట్టి మా పాత బ్యాటుతో చూస్తే పదిహేను దాటినవాళ్ళు ఇద్దరే. అందుకని 28 అంగుళాలది ఒకటి, 30 అంగుళాలది ఒకటి, రెండూ తేలికపాటి అల్యూమినియంవి తీసుకున్నాం. షాపులో ముందు మాకు చూపించింది బేస్‌బాల్ బ్యాటు. లావు చూసి అనుమానం వచ్చింది. రెండుంపావు దాటితే పోటీలో పక్కన పెట్టేస్తారు, కాబట్టి టేపు వెంట తీసుకువెళ్ళడం మంచిది.

బంతి సంగతి. సాఫ్ట్ అన్నది పేరులోనే ఉంది. బందరు లడ్డూలా మెత్తగా ఉంటుందనుకుని చెయ్యి చాపితే వేళ్ళు వాచిపోతాయి. పోటీల్లో వాడే బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 178 నుంచి 198 గ్రాముల దాకా ఉంటుంది. క్రికెట్ బంతి 163 గ్రాములు దాటదు. మాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. నిబంధనల్లో ఈ బంతి లోపలి గుండుకి అనుమతించిన సరుకుల్లో ఒకటి కపోక్, అంటే మన తెల్లబూరుగు దూది! అమ్మమ్మ దిండులో దూది అంత గట్టిగా ఎలా మారుతుందో గానీ, ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి మాత్రం పాలీయురేథేన్ గుండువే. తోలు బంతి చూడ్డానికి బాగుంటుంది. మన నేల సంగతి తెలిసిందేగా, బంకమట్టి, పొద్దున్నే మంచు. రెండు రోజులు తడిస్తే తోలు ఉబ్బి బరువెక్కుతుంది. అందుకే రోజూ ఆడేందుకు సింథటిక్ తొడుగువి తీసుకున్నాం. అమెరికాలో పదేళ్ళలోపు పిల్లలకు 11 అంగుళాల బంతి ఇస్తారట. మన ఆరో తరగతి పిల్లల చేతులు చూశాక అలాంటివి రెండు మేమూ తెప్పించాం. పట్టుకోవడం అలవాటయ్యాక పెద్ద బంతికి మారవచ్చు.

ఇక గ్లౌజు. ఈ వ్యాసం రాయాలనిపించింది దీని గురించే.

2017లో మేం పెద్ద తరగతుల్లో ఉన్నప్పుడు కోడూరు వైపు నుంచి వచ్చిన ఏడో తరగతి చెల్లి ఒకతె ఉండేది. పుర్రచెయ్యి. వాళ్ళమ్మ అదిలించి అదిలించి అన్నం కుడిచేత్తో తినడం అలవాటు చేసింది. బడిలో రాయడం కూడా కుడిచేత్తోనే నేర్పించారు. విసరడం మాత్రం ఎవరూ మార్చలేకపోయారు. హాస్టల్ వెనక చెట్టు మీదికి ఎడమచేత్తో రాయి విసిరిందంటే చూపించిన కాయే రాలాలి. అలాంటి చెయ్యి మా టీములో ఇంకెవరికీ లేదు.

గ్లౌజు ఎప్పుడూ విసరని చేతికి తొడుక్కోవాలి. కుడిచేత్తో విసిరేవాళ్ళు ఎడమచేతికి, ఎడమచేత్తో విసిరేవాళ్ళు కుడిచేతికి. హాస్టల్లో ఉన్న తొమ్మిది గ్లౌజులూ ఎడమచేతికి తొడుక్కునేవే. ఆ పిల్ల ఏం చేసేదంటే, ఎడమచేత్తో బంతి పట్టి, గ్లౌజును కుడి చంకలోకి లాగి, బంతి తీసి, అప్పుడు ఎడమచేత్తో విసిరేది. చూసేవాళ్ళకు గారడీలా ఉండేది. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం కూడా. సాఫ్ట్‌బాల్లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి 60 అడుగులు. బాగా పరుగెత్తే పిల్లకు అది నాలుగు సెకన్ల దూరం. అందులో రెండు సెకన్లు మా చెల్లి చంక దగ్గరే అయిపోయేవి.

గుడివాడలో సెలక్షన్లకు వెళ్ళాం. ఆ రోజు ఆమె వైపు మూడు బంతులు వచ్చాయి. మూడూ పట్టింది. మూడుసార్లూ రన్నర్ బేస్ చేరిపోయింది. మూడోసారి కంగారులో గ్లౌజు కిందపడితే దాన్ని తీసుకోవాలో బంతి విసరాలో తెలియక అలా నిలబడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమెను తీసుకోలేదు. అక్కడివాళ్ళను తప్పుపట్టలేం, వాళ్ళు చూసింది ఆలస్యమైన త్రో ఒక్కటే. తిరిగి వచ్చేటప్పుడు పాసింజర్ రైలు గుడ్లవల్లేరు దాటాక మేం ఆమెతో అన్న మాట ఇది: "కుడిచేత్తో విసరడం అలవాటు చేసుకోవే. ఉన్నదాంతో సర్దుకోవాలి." పెడన వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే గ్రౌండ్‌కి రావడం మానేసింది. ఒళ్ళు వంచదు, బద్ధకం అనుకున్నాం. పుర్రచేతి వాళ్ళకు వేరే గ్లౌజు ఉంటుందని మాకు ఇంటర్ చదివేటప్పుడు గానీ తెలియలేదు.

అందుకే ఈసారి డబ్బు చేతికి రాగానే మొదట రాసుకున్నది ఆ గ్లౌజే. కానీ, పుర్రచెయ్యి ఎవరిదని అడిగితే పిల్లలు చెప్పరు. దాచుకుంటారు, అదేదో తప్పయినట్టు. కాబట్టి అడగలేదు. కబుర్లు చెబుతూ ఉన్నట్టుండి ఒక్కొక్కరి వైపు బంతి దొర్లించి "ఇటు విసురు" అన్నాం. ఇరవైరెండు మందిలో ఇద్దరు బయటపడ్డారు. ఒకరు నాగాయలంక పిల్ల, ఆరో తరగతి. ఇంకో అమ్మాయి సగం విసిరి, గబుక్కున బంతి కుడిచేతిలోకి మార్చుకుంది!

బందరులో ఈ ఆట గ్లౌజులు అన్ని సైజుల్లో దొరకలేదు. విజయవాడ షాపుకి ఫోన్ చేసి "ఎడమచేతి గ్లౌజు ఒకటి" అని ఆర్డరిచ్చాం. వారానికి పార్శిల్ వచ్చింది. విప్పి చూస్తే ఎడమచేతికి తొడుక్కునేది! వాళ్ళు మేం చెప్పిందే పంపారు. తప్పు మాదే. మళ్ళీ పంపించి, "ఎడమచేత్తో విసిరేవాళ్ళది, కుడిచేతికి తొడుక్కునేది" అని రెండుసార్లు చెప్పి తెప్పించుకున్నాం. చెల్లెళ్ళూ, ఎప్పుడైనా మీరు కొనాల్సి వస్తే 'ఎడమ గ్లౌజు', 'కుడి గ్లౌజు' అనకండి. విసిరే చెయ్యి ఏదో చెప్పండి. సైజు చూపుడువేలి కొస నుంచి మడమ దాకా కొలుస్తారు. పెద్దవాళ్ళవి 12, 13 అంగుళాలుంటాయి. పిల్లలకు 11, పదకొండున్నర చాలు. తొడిగి, లోపల బంతి పెట్టి మూయమనండి. పిల్ల బలానికి మూతపడకపోతే అది ఎంత ఖరీదైనదైనా వద్దు. కొత్త తోలు బిరుసుగా ఉంటుంది. చుక్క నూనె రాసి, బంతి లోపల పెట్టి, రాత్రి తాడుతో కట్టి ఉంచితే వారం పది రోజుల్లో దారికొస్తుంది. ఎండలో మాత్రం ఆరేయకండి. మన ఉప్పుగాలికి వానాకాలంలో బూజు పడుతుంది, పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి.

హెల్మెట్లు మూడు కొన్నాం. కనుబొమ్మల పైన టైలరు టేపుతో తల కొలిచి మరీ తీసుకున్నాం. అయినా మొదటి రోజు ఒక్కరికీ పట్టలేదు. ఎందుకా అని చూస్తే రెండు జడలు మడిచి కట్టిన రిబ్బన్లు! జడలు కిందికి వదిలి కట్టుకుంటే సరిపోయింది. ఈ సంగతి ఏ కేటలాగులోనూ ఉండదు. కేచర్ సామాను, అంటే ముఖానికి మాస్కు, ఛాతీకి, కాళ్ళకు గార్డులు, పిల్లల సైజులో తెప్పించడానికి బాగా ఖర్చయింది. పెద్దవాళ్ళ కాలిగార్డు వేసుకుంటే మోకాలిచిప్ప తొడ మీదికి వస్తుంది, పిల్ల కూర్చోలేదు. మా రోజుల్లో కేచర్‌గా ఉన్నామె మాలోనే ఉంది, ఆమె దీని మీద మమ్మల్ని ఒక్క రూపాయి తగ్గించనివ్వలేదు.

మరి ఇన్నిటికీ డబ్బు ఎలా సరిపోయిందంటారా? బేసులు కొనలేదు. యూరియా సంచుల్లో ఊక కుక్కి కుట్టాం. గుడివాడ వైపు వాళ్ళు ఇద్దరుండగా మిల్లు ఊకకు కొదవా! హోమ్ ప్లేటు పాత రబ్బరు షీటు కోసి చేశాం. ముందువైపు వెడల్పు 17 అంగుళాలు, అయిదు మూలలు. బూట్లు కూడా కొనలేదు, బడికి వేసుకునే కాన్వాసు బూట్లే చాలు. అసలు ఈ ఆట పుట్టిందే అలా. 1887లో చికాగోలో ఒక క్లబ్బులో కుర్రవాళ్ళు బాక్సింగ్ గ్లౌజును తాడుతో చుట్టి బంతి చేసుకుని, కర్రతో కొట్టి మొదలుపెట్టారు. అక్కడి నుంచి 1996లో అట్లాంటా ఒలింపిక్స్ దాకా, అదీ ఆడవాళ్ళ ఆటగా, వెళ్ళింది. కర్రతో, ఊక సంచితో సర్దుకోవచ్చు. తలకి, ముఖానికి, చేతికి పెట్టుకునే వాటితో సర్దుకోమని ఇంకే పిల్లకూ చెప్పమని మేం ఏడుగురం అనుకున్నాం.

అన్నీ హాస్టల్లో అప్పజెప్పిన రోజు సాయంత్రం ఆ కోడూరు చెల్లికి ఫోన్ చేశాం. ఇప్పుడు విజయవాడలో నర్సింగ్ చదువుతోంది. రైల్లో అన్న మాటకు ఏం చెప్పాలో మాకు తెలియక, "పుర్రచేతి గ్లౌజు కొన్నామే హాస్టల్‌కి" అని మాత్రం చెప్పాం. కాసేపు అటునుంచి మాట లేదు.

"ఇప్పుడా అక్కా!" అంది.

తర్వాత, "ఎన్ని అంగుళాలది?" అని అడిగింది.

పదకొండున్నర అన్నాం.

"ఇప్పుడు నా చెయ్యి పట్టదేమో" అంది. నవ్వుతోందో లేదో ఫోన్లో తెలియలేదు. డ్యూటీ పడకపోతే వార్షికోత్సవానికి వస్తానంది. గ్లౌజు ప్రస్తుతం నాగాయలంక పిల్ల ట్రంకుపెట్టె మీద, లోపల బంతి పెట్టి, ఎర్ర రిబ్బనుతో కట్టి ఉంది.