వాల్ష్ స్ట్రీట్‌లో ఆగి ఉన్న కారు

మెల్‌బోర్న్ అంటే మనవాళ్లకి బాక్సింగ్ డే టెస్టు, లేదంటే అక్కడ చదువుకుంటున్న ఫ్రెండ్ గుర్తొస్తారు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఒక సినిమా. డేవిడ్ మిషోడ్ తీసిన 'యానిమల్ కింగ్‌డమ్' (2010).

తల్లి పోయిన 17 ఏళ్ల కుర్రాడు అమ్మమ్మ పంచన చేరతాడు. అక్కడ మేనమామలంతా నేరస్థులే. ఈ సినిమాలో మనల్ని భయపెట్టేది తుపాకుల కన్నా అమ్మమ్మ నవ్వే! ఆ పాత్ర వేసిన జాకీ వీవర్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అందులో ఒక సీన్ ఉంది. రాత్రిపూట నడిరోడ్డు మీద ఎవరో వదిలేసిన కారు. చెక్ చేద్దామని ఇద్దరు కుర్ర కానిస్టేబుళ్లు వస్తారు. అంతే, తూటాలు పేలతాయి.

సినిమాలో కుటుంబం కల్పితమే కానీ ఈ సీన్‌కి మూలం మాత్రం నిజం. 1988 అక్టోబరు 12న, ఇంకా తెల్లారకముందే, సౌత్ యారాలోని వాల్ష్ స్ట్రీట్‌లో జరిగింది. ముందు రోజే పోలీసు కాల్పుల్లో ఒక దోపిడీ కేసు అనుమానితుడు చనిపోయాడు. దానికి ప్రతీకారమే ఇదని పోలీసులు నమ్మారు. నలుగురి మీద కేసు నడిచింది. 1991లో నలుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఆ వీధి చూడాలనే వెళ్లాను. గ్యాంగుల అడ్డాలా ఉంటుందనుకుంటే పొరపాటే. బొటానిక్ గార్డెన్స్ పక్కనే, డబ్బున్నవాళ్లుండే ప్రశాంతమైన వీధి. ఆర్కిటెక్ట్ రాబిన్ బాయిడ్ తనకోసం కట్టుకున్న ప్రసిద్ధమైన ఇల్లు కూడా ఇక్కడే ఉంది. రోడ్డు పక్కన కార్లు ఆగి ఉన్నాయి. మామూలు కార్లే. అయినా ఒక్కోదాన్ని దాటుతుంటే కాళ్లు కాస్త తడబడ్డాయి.

అక్కడి నుంచి పార్కుల వెంట నడిస్తే కింగ్స్ డొమైన్ వస్తుంది. డ్యూటీలో చనిపోయిన విక్టోరియా పోలీసుల స్మారకం ఉన్నది అక్కడే. స్టీవెన్ టైనన్‌కి 22 ఏళ్లు, డేమియన్ ఎయిర్‌కి 20. మన డిగ్రీ కాలేజీ సీనియర్, జూనియర్ వయసులు!

సినిమా రెండు గంటలూ నేరస్థుల ఇంట్లోనే తిరుగుతుంది. ఆ ఇద్దరు కుర్రాళ్లు తెరమీద కనిపించేది కాసేపే. తప్పుపట్టను, ఆ కథ అలాంటిది. కానీ మెల్‌బోర్న్ వెళ్తే, సినిమా చూశాక ఆ దారిలో ఒకసారి నడవండి. సినిమా ఇవ్వలేని టైమ్ ఆ ఇద్దరికి మనం ఇవ్వొచ్చు.